ఇద్దరి ఆట

పాఠ్యభాగ ఉద్దేశం

గోదావరి డెల్టాలోని అమలాపురంలో జన్మించి, బ్యాడ్మింటన్ పురుషుల డబుల్స్‌లో ప్రపంచ ప్రథమ స్థానాన్ని అందుకొన్న రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ క్రీడాజీవితాన్ని పరిచయం చేయడం, తోడివారితో కలిసి శ్రమించినప్పుడు ప్రతిభ ఎట్లా ఫలిస్తుందో, ఓటమిని క్రీడాకారుడు ఏ విధంగా స్వీకరించాలో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఎదురుగాలి వీచే వేళ ఏటిగట్టు మీద సైకిలు తొక్కినవారికి ఒక విషయం అనుభవంలో ఉంటుంది. ముందొకరు తొక్కుతూ ఉంటే వెనుక వచ్చేవారికి గాలిపోటు తగ్గుతుంది. కొంతదూరం పోయాక ముందున్నవాడు అలసిపోతాడు. అప్పుడు వెనుకవాడు ముందుకు వచ్చి గాలిని తాను మోస్తాడు. ఫ్రాన్సు దేశంలో ఏటేటా జరిగే టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందెంలో వృత్తి క్రీడాకారులు పాటించే కిటుకు కూడా ఇదే. అక్కడ ఒక్కొక్క జట్టులో 8 మంది ఉంటారు. తక్కినవారు గాలికి అడ్డు నిలిచి, తమ నాయకుని బలాన్ని చివరిదాకా కాపాడతారు. అయితే విజేత ధరించే పసుపుపచ్చని చొక్కా మాత్రం ఒక్కరికే దక్కుతుంది. గాలిని మోసినవారి పేర్లు లోకంలో చాలామందికి తెలియవు.

ఇద్దరు ఒకరి భారాన్ని ఒకరు మోస్తూ ఆడి, ఫలాన్ని సమానంగా పంచుకొనే ఆట మరొకటి ఉంది. అది బ్యాడ్మింటన్ డబుల్స్. ఈ ఆటలో తోడివాని తప్పుకు తానూ ఓడిపోవాలి. తోడివాని నేర్పుకు తానూ గెలవాలి. ఇటువంటి ఆటను జీవితవృత్తిగా ఎన్నుకొని, అందులో మన దేశానికి అంతవరకు లేని ఘనతలను సంపాదించిపెట్టిన తెలుగు యువకుడు సాత్విక్ సాయిరాజ్.

పుట్టిన నేల

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అనే రెండు ప్రధానమైన పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ సముద్రతీరం దాకా విస్తరించిన సారవంతమైన నేలను కోనసీమ అంటారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన పిదప కాలువల నీరు డెల్టా పొలాలకు చేరి, ఈ ప్రాంతాన్ని వరిచేలతో, కొబ్బరితోటలతో కళకళలాడించింది. ఈ సీమకు ముఖ్యపట్టణం అమలాపురం. చాలాకాలం తూర్పుగోదావరి జిల్లాలో భాగంగా ఉన్న ఈ పట్టణం, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన కోనసీమ జిల్లాకు కేంద్రమయింది.

సాత్విక్ 2000 ఆగస్టు 13న అమలాపురంలో జన్మించాడు. తండ్రి కాశీవిశ్వనాథం వ్యాయామోపాధ్యాయులు. పల్లెటూళ్లలో డ్రిల్లు మాస్టారని ఆప్యాయంగా పిలుచుకొనే వృత్తి అది. ఆయన స్వయంగా రాష్ట్రస్థాయిలో బ్యాడ్మింటన్ ఆడినవారు. తల్లి రంగమణి కూడా ఉపాధ్యాయిని. పాఠశాల గంట, ఆటస్థలంలోని ఈల రెండూ ఆ ఇంటికి పరిచయమైన శబ్దాలే. తండ్రి ఆటను చూసి సాత్విక్ చిన్నతనంలోనే రాకెట్ చేతబట్టాడు.

సాత్విక్ ఏడాది నిండని పసివాడుగా ఉన్నప్పుడే, 2001 మార్చిలో, పుల్లెల గోపీచంద్ ఇంగ్లండులో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలుచుకొన్నాడు. 1980లో ప్రకాశ్ పదుకొనె తరువాత ఆ ఘనతను సాధించిన భారతీయుడు ఆయనే. ఆటనుంచి విరమించిన తరువాత గోపీచంద్ హైదరాబాదులోని గచ్చిబౌలిలో శిక్షణ సంస్థను నెలకొల్పాడు. 2008లో ఆరంభమైన ఆ సంస్థ తెలుగు బాలబాలికలకు కొత్త దారి చూపింది. 2014లో సాత్విక్ కూడా అక్కడ చేరాడు. అప్పటికి అతనికి పద్నాలుగేళ్లు. కొబ్బరిచెట్ల నీడలో పెరిగిన పిల్లవాడు కన్నవారికి దూరంగా, తెల్లవారకముందే మొదలయ్యే కఠినమైన శిక్షణకు అలవాటుపడవలసి వచ్చింది.

ఎన్నుకొన్న దారి

ఆనాటికి మన దేశంలో బ్యాడ్మింటన్ అంటే సింగిల్స్ అనే అర్థం. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం గెలిచింది. 2016 రియో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు రజతం గెలిచింది. ఈ పతకాలు రెండూ సింగిల్స్‌లో వచ్చినవే. డబుల్స్‌లో మన వారి విజయాలు అరుదు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో లెరాయ్ డిసా, ప్రదీప్ గంధే పురుషుల డబుల్స్‌లో కాంస్యం గెలిచారు. 2011లో గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప ప్రపంచ ఛాంపియన్‌షిప్ మహిళల డబుల్స్‌లో కాంస్యం సాధించి, ఆ దారిలో దీపం వెలిగించారు.

సంపాదన విషయంలో కూడా డబుల్స్ ఆటగానికి కొంత తక్కువే. పెద్ద అంతర్జాతీయ పోటీలలో డబుల్స్ గెలిచిన జంటకు ఇచ్చే బహుమతి మొత్తం, సింగిల్స్ విజేత ఒక్కరికి ఇచ్చే మొత్తం కన్న స్వల్పంగా మాత్రమే అధికం. దానిని ఇద్దరు పంచుకోవాలి. శ్రమలో మాత్రం సగం తగ్గదు. ఈ కారణాలవల్ల ప్రతిభ కలిగిన పిల్లలను తల్లిదండ్రులు, శిక్షకులు సింగిల్స్ వైపే మళ్లించడం పరిపాటి. సాత్విక్ మాత్రం జంట ఆటనే తన దారిగా చేసుకొన్నాడు.

జంట కుదిరిన వేళ

2015లో మలేసియాకు చెందిన టాన్ కిమ్ హెర్ భారత డబుల్స్ జట్టుకు శిక్షకుడుగా వచ్చాడు. సాత్విక్‌కు జోడీగా ముంబైకి చెందిన చిరాగ్ శెట్టిని నిలిపిన వ్యక్తి ఆయనే. చిరాగ్ 1997 జూలై 4న జన్మించాడు. సాత్విక్ కన్న మూడేళ్లు పెద్దవాడు. ఒకరు మహానగరంలో పెరిగినవారు, మరొకరు డెల్టా పట్టణం నుంచి వచ్చినవారు. ఇద్దరి మాతృభాషలు వేరు, అలవాట్లు వేరు.

అంతకుమించిన చిక్కు ఆటలోనే ఉంది. ఇద్దరూ ఆరడుగులకు మించిన పొడగరులు. ఇద్దరికీ వెనుక నిలిచి బలంగా కొట్టే ఆటే అలవాటు. ఇద్దరూ వెనుకనే ఉంటే ముందు ఎవరు నిలవాలి? ఒక ఇంట్లో ఇద్దరూ పెద్దరికమే కోరితే సంసారం సాగదు. శిక్షకుడు మాత్రం ఆ పొడవునూ బలాన్నీ చూసి, వీరిద్దరూ సర్దుకొంటే ఎదుటివారికి ఊపిరాడదని భావించాడు. ఆ సర్దుబాటు ఒక్కరోజులో వచ్చింది కాదు. చిరాగ్ వలకు దగ్గరగా ఆడే సున్నితమైన ఆటను సాధన చేశాడు. సాత్విక్ వెనుకనుంచి దాడిచేసే బాధ్యతతోపాటు, అవసరమైనప్పుడు ముందుకు దూసుకువచ్చే నేర్పు అలవరచుకొన్నాడు.

ఈ సర్దుబాటు విలువ తెలియాలంటే ఆట తీరు కొంత తెలుసుకోవాలి. బ్యాడ్మింటన్ కోర్టు పొడవు 13.4 మీటర్లు. డబుల్స్ కోర్టు వెడల్పు 6.1 మీటర్లు. ఆటకు వాడే షటిల్‌లో 16 ఈకలు ఉంటాయి. దాని బరువు 4.74 గ్రాములకు తగ్గకుండా, 5.50 గ్రాములకు మించకుండా ఉండాలి. జంట దాడి చేసేటప్పుడు ఒకరు ముందు, ఒకరు వెనుక నిలుస్తారు. ఎదుటివారి దాడిని తట్టుకొనేటప్పుడు ఇద్దరూ పక్కపక్కన చేరి కోర్టును చెరిసగం కాచుకొంటారు. ఒక్క పాయింటు ముగిసేలోగా ఈ అమరిక అనేకసార్లు మారుతుంది. మాట్లాడుకొనే వ్యవధి ఉండదు. తోడివాడు ఎటు కదులుతాడో చూడకుండానే తెలియాలి. చేలో నీరు పెట్టేటప్పుడు గట్టుకు ఇటొకరు అటొకరు నిలిచిన అన్నదమ్ములకు మాట అక్కరలేనట్లే, ఈ తెలివిడి ఏళ్లతరబడి కలిసి శ్రమిస్తే వస్తుంది.

2016లో మారిషస్, బంగ్లాదేశ్ వంటి దేశాలలో జరిగిన చిన్నస్థాయి పోటీలలో ఈ జంట టైటిళ్లు గెలవడం మొదలుపెట్టింది. 2018 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్‌లో కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. మిశ్రమ జట్టు విభాగం తుదిపోరులో భారతదేశం మలేసియాతో తలపడింది. తొలి ఆటలో సాత్విక్, అశ్విని పొన్నప్ప కలిసి ఆడి, రియో ఒలింపిక్స్ రజత విజేతలైన చాన్ పెంగ్ సూన్, గోహ్ లియు యింగ్ జంటను ఓడించారు. ఆ పోరు 3-1 తేడాతో ముగిసి, భారతదేశానికి స్వర్ణం దక్కింది. పురుషుల డబుల్స్‌లో సాత్విక్, చిరాగ్ రజతం గెలిచారు. అప్పటికి సాత్విక్ వయస్సు పదిహేడేళ్లు.

2019 ఆగస్టులో థాయ్‌లాండ్ ఓపెన్ పోటీలో ఈ జంట అంతకు ముందు ఏడాది ప్రపంచ విజేతలైన చైనా ఆటగాళ్లు లి జున్‌హుయి, లియు యుచెన్‌లను 21-19, 18-21, 21-18 తేడాతో ఓడించి విజేతగా నిలిచింది. ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య 2018నుంచి తన పోటీలను సూపర్ 1000, 750, 500, 300, 100 అనే శ్రేణులుగా విభజించింది. సూపర్ 500 శ్రేణి పోటీలో పురుషుల డబుల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ జంట వీరిదే.

గెలిచి కూడా వెనుదిరిగిన రోజు

కరోనా మహమ్మారి కారణంగా 2020లో జరగవలసిన టోక్యో ఒలింపిక్స్ 2021లో జరిగాయి. డబుల్స్ జంటలను నలుగురేసి జంటల బృందాలుగా విభజించారు. ఒక్కొక్క బృందంనుంచి రెండు జంటలు మాత్రమే ముందుకు పోగలవు. మొదటి ఆటలో సాత్విక్, చిరాగ్ చైనీస్ తైపీ జంట లీ యాంగ్, వాంగ్ చిలిన్‌లను 21-16, 16-21, 27-25 తేడాతో ఓడించారు. తరువాత ఇండోనేసియా జంట చేతిలో ఓడి, చివరి ఆటలో ఇంగ్లండు జంటను గెలిచారు. మూడు ఆటలలో రెండు విజయాలు వారికి దక్కాయి. కాని ఆ బృందంలో మూడు జంటలు రెండేసి విజయాలతో సమానంగా నిలిచాయి. గెలిచిన గేములకూ ఓడిన గేములకూ గల తేడాను లెక్కించినప్పుడు భారత జంట మూడవ స్థానంలో మిగిలింది.

వారు మొదటి ఆటలో ఓడించిన లీ యాంగ్, వాంగ్ చిలిన్ జంటే చివరకు ఒలింపిక్ స్వర్ణం గెలుచుకొంది. స్వర్ణ విజేతలను ఆ క్రీడలలో ఓడించిన ఇద్దరు క్వార్టర్ ఫైనల్ కూడా ఆడకుండా ఇల్లు చేరారు. ఇందులో ఎవరి అన్యాయమూ లేదు. నియమం ముందే తెలిసినదే. ఓడిన ఆటలో కూడా ప్రతి గేముకు విలువ ఉంటుందనే పాఠాన్ని ఆ లెక్క వారికి నేర్పింది.

ఆ దశలో వారికి డెన్మార్కుకు చెందిన మథియస్ బో శిక్షకుడుగా ఉన్నాడు. 2012 ఒలింపిక్స్‌లో డబుల్స్ రజతం గెలిచిన అనుభవం ఆయనది. బలాన్ని ఎప్పుడు వాడాలో, ఎప్పుడు దాచుకోవాలో తెలిసిన గురువు దొరికినందున ఆ జంట ఆట మరింత పదునెక్కింది.

వరుస విజయాలు

2022 మే 15న బ్యాంకాక్‌లో థామస్ కప్ తుదిపోరు జరిగింది. పురుషుల జట్లకు ఇది ప్రపంచ పోటీ. 1949లో ఆరంభమైన ఈ కప్పును భారతదేశం అంతవరకు గెలవలేదు. ఎదుటి జట్టు ఇండోనేసియా. మొదటి ఆటను లక్ష్య సేన్ గెలిచాడు. రెండవది డబుల్స్. సాత్విక్, చిరాగ్ మొదటి గేము ఓడిపోయారు. రెండవ గేములో ఎదుటివారు నాలుగుసార్లు గెలుపు అంచుకు వచ్చారు. నాలుగుసార్లూ మన వారు కాచుకొని 18-21, 23-21, 21-19 తేడాతో ఆట గెలిచారు. తరువాత గుంటూరు ఆటగాడు కిదాంబి శ్రీకాంత్ కూడా గెలవడంతో కప్పు భారతదేశానికి వచ్చింది.

అదే ఏడాది ఆగస్టులో బర్మింగ్‌హాం కామన్వెల్త్ క్రీడలలో ఈ జంట స్వర్ణం గెలిచింది. ఆ నెలలోనే టోక్యోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం సాధించింది. పురుషుల డబుల్స్‌లో భారతదేశానికి లభించిన మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ పతకం అది. సెమీఫైనల్‌లో వారిని ఓడించినవారు మలేసియా జంట ఆరన్ చియా, సోహ్ వూయి యిక్. ఈ రెండు పేర్లను గుర్తుంచుకోవాలి. సాత్విక్ క్రీడాజీవితంలో ఇవి మళ్లీ మళ్లీ వినిపిస్తాయి.

2023 ఏప్రిల్ 30న దుబాయిలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్ తుదిపోరులో సాత్విక్, చిరాగ్ స్వర్ణం గెలిచారు. 1965లో సింగిల్స్‌లో దినేశ్ ఖన్నా గెలిచిన తరువాత, 58 ఏళ్లకు ఈ పోటీలో భారతదేశానికి దక్కిన స్వర్ణం అది. జూన్ 18న జకార్తాలో ఇండోనేసియా ఓపెన్ తుదిపోరు. సూపర్ 1000 శ్రేణి పోటీ అది. ఎదుట నిలిచినవారు మళ్లీ చియా, సోహ్‌లే. అంతకుముందు ఆ జంటతో ఎనిమిది ఆటలు ఆడి, ఎనిమిదింటిలోనూ మన వారు ఓడిపోయారు. తొమ్మిదవ ఆటలో 21-17, 21-18 తేడాతో గెలిచారు. ఎనిమిది ఓటములు వారికి ఎనిమిది పాఠాలయ్యాయి.

ఆ ఏడాది అక్టోబరు 7న చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఈ జంట తుదిపోరులో కొరియా ఆటగాళ్లను 21-18, 21-16 తేడాతో ఓడించి స్వర్ణం గెలిచింది. ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో భారతదేశానికి అదే మొదటి స్వర్ణం. మూడు రోజులకు వెలువడిన ప్రపంచ ర్యాంకుల జాబితాలో సాత్విక్, చిరాగ్ ప్రథమ స్థానంలో ఉన్నారు. భారతదేశపు డబుల్స్ జంట ఒకటి ఆ స్థానాన్ని చేరడం అదే మొదలు. 2020లో అర్జున పురస్కారం పొందిన ఈ ఇద్దరికీ 2023 సంవత్సరపు ధ్యాన్‌చంద్ ఖేల్‌రత్న పురస్కారం ప్రకటించారు.

వేగం ఒక్కటే చాలదు

2023 ఏప్రిల్ 14న జపానులోని సైతామా ప్రాంతంలో ఒక రాకెట్ల కర్మాగారపు వ్యాయామశాలలో సాత్విక్ కొట్టిన స్మాష్ వేగాన్ని కొలిచారు. అది గంటకు 565 కిలోమీటర్లు. 2013లో మలేసియా ఆటగాడు టాన్ బూన్ హియోంగ్ నెలకొల్పిన 493 కిలోమీటర్ల రికార్డును అది అధిగమించింది. ఈ ఘనత గిన్నిస్ గ్రంథంలో నమోదయింది.

ఈ అంకెను విన్నవారికి ఇటువంటి దెబ్బకు ఎదురేముంటుందని అనిపించవచ్చు. కాని షటిల్ తత్త్వం వేరు. రాకెట్‌ను వదిలిన క్షణంలో ఉన్న వేగం దానికి చివరిదాకా ఉండదు. గొడుగులా విచ్చుకొన్న ఈకలను గాలి వెనక్కు పట్టి లాగుతుంది. కోర్టు అవతలి భాగానికి చేరేసరికి వేగం చాలావరకు పడిపోతుంది. ఆరితేరిన ఆటగాళ్లు ఎంత బలమైన స్మాష్‌నైనా తిరుగుకొట్టగలరు. అందువల్ల ఒక్క దెబ్బతో పాయింటు రావడం తక్కువ. మొదటి దెబ్బకు ఎదుటివారు తడబడి షటిల్‌ను కాస్త ఎత్తుగా పంపితే, వల దగ్గర కాచుకొని ఉన్న తోడివాడు దానిని నేలకు దించాలి. వేగం సాత్విక్‌ది. దానిని పాయింటుగా మలచే చెయ్యి తరచుగా చిరాగ్‌ది. చిరాగ్ వల దగ్గర నేర్పుతో ఎదుటివారిని ఇరకాటంలో పెట్టినప్పుడే సాత్విక్‌కు స్మాష్ కొట్టే అవకాశం వస్తుంది. ఎవరివల్ల ఎవరు గెలిచారో తేల్చడం కష్టం.

పారిస్‌లో పరాజయం

2024లో ఫ్రెంచ్ ఓపెన్, థాయ్‌లాండ్ ఓపెన్ టైటిళ్లు గెలిచి ఈ జంట పారిస్ ఒలింపిక్స్‌కు చేరింది. పతకం తప్పదని దేశమంతా ఆశించింది. ఆగస్టు 1న క్వార్టర్ ఫైనల్. ఎదుట మళ్లీ చియా, సోహ్‌లే. మొదటి గేమును మన వారు 21-13 తేడాతో సునాయాసంగా గెలిచారు. రెండవ గేము 14-21తో చేజారింది. మూడవ గేములో చివరిదశలో తప్పులు దొర్లి 16-21తో ఆట ముగిసింది. నాలుగేళ్లకు ఒకమారు వచ్చే అవకాశం కొన్ని నిమిషాలలో చెయ్యి దాటిపోయింది. గెలిచిన మలేసియా జంట ఆ క్రీడలలో కాంస్యపతకం అందుకొంది.

ఆ ఒలింపిక్స్ తరువాత మథియస్ బో శిక్షకవృత్తినుంచి విరమించుకొన్నాడు. దాదాపు దశాబ్దం కిందట ఈ జంటను కూర్చిన టాన్ కిమ్ హెర్ 2025లో తిరిగి భారత డబుల్స్ శిక్షకుడుగా వచ్చాడు. తొలి పాఠం చెప్పిన గురువు దగ్గరకే శిష్యులు మళ్లీ చేరారు.

ఇంతలో మరొక పెద్దదెబ్బ తగిలింది. ఖేల్‌రత్న పురస్కార ప్రదానోత్సవం 2024 జనవరిలో జరిగినప్పుడు మలేసియా ఓపెన్‌లో ఆడుతున్నందున సాత్విక్, చిరాగ్ హాజరు కాలేకపోయారు. ఆ పురస్కారాన్ని కుమారుడు అందుకొనే వేళ కన్నులారా చూడాలని కాశీవిశ్వనాథం ఆశించారు. ఢిల్లీకి వెళ్లవలసి ఉన్న తరుణంలోనే, 2025 ఫిబ్రవరి 20న, ఆయన గుండెపోటుతో కన్నుమూశారు. చేతికి మొదటి రాకెట్ ఇచ్చిన తండ్రి, కుమారుని చేతిలో దేశపు అత్యున్నత క్రీడాపురస్కారాన్ని చూడలేకపోయారు. ఆ ఏడాదే కొన్ని నెలలకు సాత్విక్, చిరాగ్ ఆ పురస్కారాన్ని అందుకొన్నారు.

వృత్తి క్రీడాకారునికి దుఃఖించడానికి కూడా వ్యవధి స్వల్పం. పోటీల పట్టిక ఎవరికోసమూ ఆగదు. ఆడని వారాలలో ర్యాంకు తగ్గుతుంది. సింగిల్స్ ఆటగాడు ఆగితే ఆ నష్టం అతనిదే. డబుల్స్ ఆటగాడు ఆగితే తోడివాడు కూడా ఆగాలి. ఒకరి గాయం ఇద్దరి గాయం. ఒకరి శోకం ఇద్దరి శోకం. ఆ కాలంలో ఈ జంట అనారోగ్యాన్ని, గాయాలను, వరుస పరాజయాలను కలిసి భరించింది. మే నెల చివర సింగపూర్ ఓపెన్‌లో ఆడి సెమీఫైనల్ చేరడంతో మళ్లీ వెలుగు కనిపించింది.

అదే కోర్టులో మళ్లీ

2025 ఆగస్టు చివరివారంలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలు పారిస్‌లో జరిగాయి. ఏడాది కిందట ఒలింపిక్ బ్యాడ్మింటన్ జరిగిన క్రీడాశాలే వాటికి వేదిక. సాత్విక్, చిరాగ్ క్వార్టర్ ఫైనల్‌కు చేరారు. ఎదుట నిలిచినవారెవరో వేరుగా చెప్పనక్కరలేదు. అదే నగరం, అదే క్రీడాశాల, అదే దశ, అదే మలేసియా జంట.

ఈసారి మొదటి గేమును మన వారు 21-12 తేడాతో గెలిచారు. ఏడాది కిందట కూడా మొదటి గేము వారిదే కనుక, అంతటితో నిశ్చింత కలగలేదు. రెండవ గేము చివరిదాకా నువ్వా నేనా అన్నట్లు సాగింది. తొందర పడకుండా, ఒకరి వెనుక ఒకరు నిలిచి, 21-19 తేడాతో ఆట ముగించారు. పతకం ఖాయమయింది. సెమీఫైనల్‌లో చైనా జంట చేతిలో మూడు గేములు పోరాడి ఓడినందువల్ల అది కాంస్యంగా మిగిలింది. ఆ తరువాత సెప్టెంబరులో హాంకాంగ్ ఓపెన్‌లోనూ, చైనా మాస్టర్స్‌లోనూ తుదిపోరుకు చేరి ఓడిపోయారు.

పారిస్‌లో పోయిన ఒలింపిక్ పతకం ఆ గెలుపుతో తిరిగిరాలేదు. కాంస్యం స్వర్ణం కాలేదు. అయినప్పటికీ ఓడిన చోటునుంచి ముఖం తిప్పుకోకుండా, అక్కడికే మళ్లీ వచ్చి, అదే ప్రత్యర్థికి ఎదురునిలిచి గెలవడం సామాన్యమైన విషయం కాదు. ఒక క్రీడాకారుని బలాన్ని కొలవడానికి గంటకు 565 కిలోమీటర్ల అంకె కన్న ఇది నమ్మదగిన కొలమానం.

ధవళేశ్వరం దగ్గర చీలిన గౌతమి, వసిష్ఠ వేరువేరు దారుల్లో పోయినా, కోనసీమ నేల ఆ రెండింటి ఒండ్రుతోనూ ఏర్పడింది. ఏ కొబ్బరిచెట్టు ఏ పాయ పుణ్యాన పెరిగిందో అడిగేవారు ఉండరు. ఆ నేలమీద పుట్టిన సాత్విక్ గెలుపులను కూడా అట్లాగే చూడాలి. వాటిలో చిరాగ్ పాలు ఉంది, ఇద్దరు విదేశీ గురువుల పాలు ఉంది, అమలాపురంలో ఒక డ్రిల్లు మాస్టారి పాలు ఉంది. తన ప్రతిభను తోడివానితో పంచుకొన్నందువల్ల సాత్విక్ కీర్తి తగ్గలేదు. ఒక్కడుగా చేరలేని ఎత్తుకు అతడు చేరింది ఆ పంపకం వల్లనే.

కఠినపదాలు – అర్థాలు

పాయ = నదీశాఖ
పిదప = తరువాత
పరిపాటి = వాడుక, అలవాటు
పొడగరి = ఎత్తైన మనిషి
తెలివిడి = తెలియడం, ఎరుక
వ్యవధి = సమయం, ఎడం
సునాయాసంగా = శ్రమ లేకుండా, తేలికగా
తత్త్వం = స్వభావం
ప్రత్యర్థి = ఎదుటి పక్షం వాడు
ఒండ్రు = నదీప్రవాహం తెచ్చి నిలిపే సారవంతమైన మట్టి
పాలు = వాటా, భాగం

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.

1. సాత్విక్ సాయిరాజ్ క్రీడాజీవితంలోని ముఖ్యఘట్టాలను వివరించండి.
2. డబుల్స్ ఆటలో వ్యక్తి ప్రతిభకూ పరస్పర సహకారానికీ గల సంబంధాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ. కింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.

1. సాత్విక్, చిరాగ్ జంటగా కుదరడంలో మొదట ఎదురైన చిక్కు ఏమిటి? దానిని వారు ఎట్లా అధిగమించారు?
2. టోక్యో ఒలింపిక్స్‌లో రెండు ఆటలు గెలిచినా వారు ముందుకు పోలేకపోవడానికి కారణమేమిటి?
3. స్మాష్ వేగం ఒక్కటే విజయానికి ఎందుకు చాలదు?

ఇ. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.

1. ఎనిమిది ఓటములు వారికి ఎనిమిది పాఠాలయ్యాయి.
2. ఒకరి గాయం ఇద్దరి గాయం.

ఈ. కింది పదాలను విడదీసి సంధి పేర్లు రాయండి.

వ్యాయామోపాధ్యాయులు, అత్యున్నత, ప్రదానోత్సవం

ఉ. మీ ఊరిలో లేదా కళాశాలలో ఇద్దరు కలిసి సాధించిన ఒక మంచి పనిని గురించి పది వాక్యాలు రాయండి.